మార్స్ సిమ్యులేషన్‌లో ఫీల్డ్‌వర్క్: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని ఉటా ఎడారిలో అంగారక యాత్రను అనుకరించే కేంద్రం ఒకటుంది. అక్కడ రెండు వారాలు జియాలజిస్టుగా పనిచేసి వచ్చాను. అప్పటి నుంచి జియాలజీ చదివే పిల్లలు, వాళ్ల లెక్చరర్లు, అప్పుడప్పుడు వాళ్ల అమ్మానాన్నలు కూడా ఏవో ఒకటి అడుగుతూనే ఉన్నారు. ఎక్కువగా వచ్చిన ప్రశ్నలకు ఇక్కడ ఒకేచోట జవాబులు రాస్తున్నాను.

ఆ కేంద్రం ఎలా ఉంటుంది?

దాని పేరు మార్స్ డెజర్ట్ రీసెర్చ్ స్టేషన్. హ్యాంక్స్‌విల్ అనే చిన్న ఊరికి దగ్గర్లో ఉంది. మార్స్ సొసైటీ అనే లాభాపేక్ష లేని సంస్థ నడుపుతుంది. 2002 నుంచి అక్కడికి బృందాలు వచ్చి వెళ్తున్నాయి. ఎండలు ముదిరే నెలల్లో మూసేస్తారు.

సుమారు 8 మీటర్ల వ్యాసంతో రెండంతస్తుల గుండ్రటి ఇల్లు ఉంటుంది, దాన్ని హ్యాబ్ అంటారు. కింద సూట్లు, ఎయిర్‌లాక్ (బయటికి వెళ్లేముందు ఆగే రెండు తలుపుల గది). పైన వంట, భోజనం, పడక. పక్కన మొక్కల గది, సైన్స్ డోమ్, టెలిస్కోపులు, చినూక్ హెలికాప్టర్ ఒంటిభాగంతో చేసిన మరమ్మతు షెడ్డు. వీటిని కలుపుతూ నడవలు ఉంటాయి. వాటిలో గాలి మామూలుగానే ఆడుతుంది. అయినా అవి గాలి నింపి మూసిన సొరంగాలని అందరం ఒప్పుకుని నడుస్తాం. వాటిలో సూట్ అక్కర్లేదు. వాటిని దాటి బయట అడుగుపెట్టాలంటే మాత్రం సూట్, హెల్మెట్, రేడియో ఉండాల్సిందే.

బృందంలో సాధారణంగా ఆరేడుగురు ఉంటారు. కమాండర్, ఇంజినీర్, ఆరోగ్య భద్రత చూసేవారు, జియాలజిస్టు, బయాలజిస్టు, మొక్కలు చూసేవారు, రోజూ జరిగింది రాసే జర్నలిస్టు. ఒక్కొక్కరు రెండు పనులు మోయడం మామూలే.

ఉటాలోనే ఎందుకు?

ఎర్రగా ఉంటుందనే కారణం ఒక్కటే అయితే ప్రపంచంలో చాలా ఎడారులు సరిపోతాయి. అసలు కారణం అక్కడి రాళ్లు. కేంద్రం చుట్టూ కనిపించే మోరిసన్ ఫార్మేషన్ అనే రాతి పొరల వరుస జురాసిక్ కాలం చివరిది, సుమారు 15 కోట్ల ఏళ్ల నాటిది. నదులు తెచ్చిన ఇసుక, వరద మైదానాల బురద, అగ్నిపర్వతాల బూడిద అన్నీ అందులో ఉన్నాయి. ఆ బూడిద కాలక్రమంలో బెంటోనైట్ అనే బంకమట్టిగా మారింది.

ఆ ప్రాంతంలో నాకు అన్నిటికన్నా నచ్చినవి తిరగబడిన వాగులు. ఒకప్పటి వాగు అడుగున పేరుకున్న ఇసుక, గులకరాళ్లు గట్టిపడి రాయి అయ్యాయి. చుట్టూ ఉన్న మెత్తటి మట్టి లక్షల ఏళ్లలో కొట్టుకుపోయింది. అప్పుడు వాగు పల్లంగా కాకుండా గట్టులాగా, మెలికలు తిరుగుతూ పైకి తేలి కనిపిస్తుంది. అంగారకుడి చుట్టూ తిరిగే నౌకలు పంపిన ఫోటోల్లో అచ్చం ఇలాంటి మెలికల గట్లే ఉన్నాయి. అక్కడ ఒకప్పుడు నీళ్లు పారాయనడానికి అవి బలమైన సాక్ష్యం. ఉటాలో అలాంటి గట్టు మీద నిలబడి ఇసుకరాయిలో పొరలు ఏ వైపు వాలాయో చూస్తే, 15 కోట్ల ఏళ్ల కింద నీళ్లు ఎటు పారాయో చెప్పొచ్చు.

2004లో ఆపర్చునిటీ రోవర్ అంగారకుడి మీద హెమటైట్ అనే ఇనుప ఖనిజపు చిన్న గుండ్రటి గోళీలు చూసింది. శాస్త్రవేత్తలు వాటికి బ్లూబెర్రీలని ముద్దుపేరు పెట్టారు. దక్షిణ ఉటాలోని నవాహో ఇసుకరాయిలో అలాంటి ఇనుప గోళీలు గుప్పిళ్లకొద్దీ దొరుకుతాయి.

పోలిక ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలిసి ఉండాలి. గురుత్వాకర్షణ మనదే, గాలి మనదే, రేడియేషన్ ముప్పు లేదు. అక్కడి రాళ్ల ఆకారాల గురించి, మనుషుల పని తీరు గురించి తేల్చిన విషయాలను అంగారకుడికి అన్వయించవచ్చు. అక్కడి బాక్టీరియా బతికింది కాబట్టి అంగారకుడి మీదా బతుకుతుందని రాస్తే తప్పు.

సూట్లు వేసుకుని నటిస్తారు కదా, అందులో నిజమైన సైన్స్ ఎంత?

ఈ ప్రశ్న అడిగిన ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెబుతాను. యాత్ర నటనే కావచ్చు, రాయి మాత్రం నిజం. నోట్‌బుక్‌లో రాసిన కొలత తప్పయితే అది నిజంగానే తప్పు.

అక్కడ రెండు రకాల సైన్స్ జరుగుతుంది. మొదటిది ఆ చోటి గురించి: రాళ్లు, ఖనిజాలు, రాళ్ల కింద బతికే సూక్ష్మజీవులు. రెండోది పని చేసే పద్ధతి గురించి: సూట్‌లో ఉన్న మనిషి ఎంతసేపట్లో ఎన్ని చోట్లు చూడగలడు, ఏ పనిముట్టు చేతికి పనికొస్తుంది, ఏ సమాచారం దారిలో జారిపోతుంది. మొదటి రకం పని సూట్ లేకుండా వెళ్తే ఇంకా త్వరగా, ఇంకా బాగా అవుతుంది. రెండో రకం సూట్ లేకుండా కుదరదు. ప్రాజెక్టు రాసేటప్పుడు ఈ రెండిట్లో ఏది చేస్తున్నారో తేల్చుకోకపోతే రెండూ సగం సగం అవుతాయి.

ఇలాంటి శిక్షణ విలువ ఏమిటో తెలియాలంటే అపోలో రోజులు చూడాలి. 1967లో అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర, చంద్రుడి ఫోటోల్లో కనిపించిన గుంతల మాదిరిగానే నేలలో మందుగుండు పేల్చి గుంతలు చేశారు. వ్యోమగాములు వాటి మధ్య నడిచి రాళ్లు చూడడం, చూసింది మాటల్లో చెప్పడం నేర్చుకున్నారు. 1972 ఏప్రిల్‌లో అపోలో 16 దిగిన డెకార్ట్ ఎత్తు ప్రాంతంలో అగ్నిపర్వత శిలలు ఉంటాయని శాస్త్రవేత్తలు గట్టిగా నమ్మారు. జాన్ యంగ్, చార్లీ డ్యూక్ అక్కడ చూసినవి మాత్రం దాదాపు అన్నీ ఉల్కలు గుద్దినప్పుడు నలిగి అతుక్కున్న బ్రెక్సియా రాళ్లు. ఇద్దరూ టెస్ట్ పైలట్లే, జియాలజీ డిగ్రీలు లేవు. ముందే చెప్పి పంపినదాన్ని పక్కన పెట్టి, కళ్లకు కనిపించింది కనిపించినట్టు చెప్పారు. ఏళ్ల తరబడి ఫీల్డ్‌లో తిరిగితే వచ్చే గుణం అది.

ఒక ఈవీఏ మొదటి నుంచి చివరి దాకా ఎలా సాగుతుంది?

సూట్ వేసుకుని బయటికి వెళ్లడాన్ని ఈవీఏ అంటారు. అది ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది. ఎవరు వెళ్తారు, ఎక్కడికి, ఏ దారిన, ఎంతసేపు, ఎందుకు అని రాసి మిషన్ సపోర్ట్‌కి, అంటే బయటి నుంచి మా యాత్రను పర్యవేక్షించే బృందానికి, పంపాలి. ఈ అభ్యర్థనలు, ఆ రోజు రిపోర్టులు అన్నీ సాయంత్రం నిర్ణీత సమయంలోనే వెళ్తాయి. అనుమతి వస్తేనే మర్నాడు ప్రయాణం.

ఆ "ఎందుకు" గడి నాకు పాఠం నేర్పింది. మొదటిసారి "ఆ గట్టు ప్రాంతాన్ని పరిశీలించడం" అని రాశాను. మా కమాండర్ చదివి, "పరిశీలించాక మీకు ఏం తెలియాలి?" అని అడిగింది. అరగంట కూర్చుని తిరిగి రాశాను: "గట్టు ఉత్తరం కొసన, దక్షిణం కొసన గులకల సైజు కొలవాలి. ఉత్తరాన చిన్నవైతే నీళ్లు అటువైపు పారాయన్న ఊహకు బలం వస్తుంది. పెద్దవైతే ఊహ తప్పు." అలా రాశాక మిగతా సంగతులు వాటంతట అవే తేలాయి. ఏం పట్టుకెళ్లాలో, ఎన్ని చోట్ల ఆగాలో, టైం చాలకపోతే ఏది వదిలేయాలో అన్నీ.

ఉదయం సూట్లు వేసుకోవడానికి ఒకరికొకరు సాయపడాలి. ఆ సూట్లలో పీడనం ఉండదు. వీపు మీది సంచిలోని ఫ్యాన్ హెల్మెట్‌లోకి గాలి కొడుతుంది. ఎయిర్‌లాక్‌లో కొన్ని నిమిషాలు ఊరికే నిలబడాలి, గాలి బయటికి పోతున్నట్టు లెక్క. ఆ నిమిషాల్లో నేను పనుల వరుస ఒకసారి పైకి చెప్పుకునేదాన్ని. తర్వాత బ్యాటరీ బండ్ల మీద ప్రయాణం. బండి ఆగిపోతే నడిచి రాగలిగినంత దూరమే వెళ్లాలి. చంద్రుడి మీద అపోలో వ్యోమగాములు కూడా ఇదే లెక్కతో రోవర్ నడిపారు: మిగిలిన ఆక్సిజన్‌తో కాలినడకన తిరిగి చేరగలిగినంత వరకే.

తిరిగొచ్చాక అలసటతో పడుకోవాలనిపిస్తుంది. శాంపిళ్లు సర్ది, ఫోటోల నంబర్లు నోట్సుతో సరిచూసి, రిపోర్టు రాసిన తర్వాతే భోజనం అని మేం నియమం పెట్టుకున్నాం. మర్నాటికి వాయిదా వేస్తే రెండో ఆగిన చోటు, మూడో ఆగిన చోటు మనసులో కలిసిపోతాయి.

సూట్ వల్ల నిజంగా అంత ఇబ్బందా?

మీరు ఊహించే ఇబ్బందులు వేరు, అక్కడ ఎదురయ్యేవి వేరు. బరువు రెండ్రోజుల్లో అలవాటవుతుంది. జియాలజిస్టుకు అలవాటైన చిన్న చిన్న పనులు పోవడమే కష్టం.

హ్యాండ్ లెన్స్ సంగతే తీసుకోండి. పది రెట్లు పెద్దది చేసే లెన్స్ అయితే కంటికి దాదాపు ఆనించి, రాయిని రెండు మూడు సెంటీమీటర్ల దూరానికి తేవాలి. హెల్మెట్ అద్దం అడ్డం. అంటే ఆ లెన్స్ ఇక లేనట్టే. కడప బేసిన్‌లో వేంపల్లె సున్నపురాళ్లలో స్ట్రోమటోలైట్లు (సూక్ష్మజీవులు పొరలుగా కట్టిన రాళ్లు) వెతికిన రోజుల్లో మా మాస్టారు చిటికెడు మట్టిరాయి పంటి మీద రుద్దమనేవారు. గరగరమంటే సిల్ట్ (సన్నటి ఒండ్రు), నున్నగా జారితే బంకమట్టి. ఉటాలో ఆ పరీక్ష లేదు. గ్లవుజుల్లో వేళ్లకు రాయి గరుకో నునుపో తెలియదు. సుత్తి దెబ్బకు రాయి ఖంగుమందో మొద్దుగా పలికిందో ఫ్యాన్ చప్పుడులో సరిగా వినిపించదు. నోరు, వేళ్లు, చెవులు అన్నీ పక్కకు తప్పుకుంటే కళ్లు ఒక్కటే మిగులుతాయి. వాటి ముందు కూడా గీతలు పడిన ప్లాస్టిక్ అద్దం.

నాలుగో రోజు వేగంగా గుట్ట ఎక్కాను. ఊపిరికి అద్దం లోపల మంచు పట్టింది. తుడుచుకోవడానికి చెయ్యి లోపలికి వెళ్లదు. ఊపిరి నిదానించే వరకు కూర్చోవాల్సి వచ్చింది. అలా పన్నెండు నిమిషాలు పోయాయి. ఆ రోజు మూడో ఆగిన చోటు వదిలేశాం. గుట్టలు ఎక్కేటప్పుడు తొందరపడకండి అని సూట్ పాఠంలో మొదటి రోజే చెప్పారు. వినలేదు, తప్పు నాదే.

పనికొచ్చిన సర్దుబాట్లు కొన్ని చెబుతాను. పెన్నుకు బదులు లావు పెన్సిలు, దానికి తాడు. నోట్‌బుక్ పేజీల మీద ముందే గడులు గీసుకోవడం: రంగు, రేణువు సైజు, పొర మందం, వాలు. లెన్స్ స్థానంలో దగ్గరి నుంచి తీసిన ఫోటో, పక్కన స్కేలు. ఇంకా సున్నపురాయేనా అని చూడడానికి సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేసేటప్పుడు ఫోటో బదులు వీడియో తీయడం. బుడగలు ఎంత వేగంగా వచ్చాయో తర్వాత హ్యాబ్‌లో తీరిగ్గా చూడొచ్చు. నోట్‌బుక్ కంటే రేడియోలో పైకి చెప్పి, హ్యాబ్‌లో ఉన్న మనిషి చేత రాయించడం మా బృందానికి బాగా కుదిరింది. మీ మాట స్పష్టంగా లేకపోతే అవతలి మనిషి వెంటనే మళ్లీ అడుగుతారు, అదే పెద్ద లాభం.

ఎన్ని శాంపిళ్లు తేవాలి?

మీరు అనుకున్నదాంట్లో సగం. ఆరు అపోలో యాత్రలూ కలిపి తెచ్చినవి 382 కిలోలు. అవి అరవై ఏళ్లు కూడా నిండకముందే కొన్ని వేల పరిశోధనలకు ఆధారమయ్యాయి, ఇంకా అవుతున్నాయి. ప్రతి రాయీ ఎక్కడ, ఏ దిక్కుగా, దేని పక్కన ఉందో ఫోటోలతో సహా తెలుసు కాబట్టే ఆ విలువ. చోటు తెలియని రాయి దారిలో దొరికిన రాయితో సమానం.

తీసే ముందు ఒక ఫోటో, తీశాక ఖాళీ చోటి ఫోటో, రెండిట్లోనూ స్కేలు, ఉత్తరం గుర్తు. సంచి మీద నంబరు, లోపల చీటీ మీద అదే నంబరు. పైన రాసింది దారిలో చెరిగిపోతే లోపలిది కాపాడుతుంది. ఇది మామూలు ఫీల్డ్‌లోనూ పాటించాల్సిందే, సూట్‌లో ఉంటే ఇంకా ఎక్కువ.

అక్కడి నేల చాలావరకు అమెరికా ప్రభుత్వ భూమి. శాంపిళ్లు తీయాలంటే ముందే అనుమతి కావాలి. మోరిసన్ పొరల్లో డైనోసార్ ఎముకలు కనిపిస్తాయి, వాటిని ముట్టుకోకూడదు. ఫోటో తీసి, చోటు రాసి, చెప్పాలి. నేలమీద నల్లగా, బుడిపెలుగా ఉండే పొర కనిపిస్తే దాని మీద అడుగు వేయకండి. అది సయనోబాక్టీరియా, నాచు, లైకెన్లు కలిసి కట్టిన సజీవమైన పొర. ఒక్క బూటు ముద్ర పూడడానికి దశాబ్దాలు పట్టవచ్చు.

బయాలజీ శాంపిళ్లలో మన సూక్ష్మజీవులు కలిసిపోవా?

కలుస్తాయి. ఎంత కలిశాయో తెలుసుకోవడమే మీ పని. ఎడారిలో తెల్లటి క్వార్ట్జ్ రాళ్ల అడుగున ఆకుపచ్చ చార కనిపిస్తుంది. రాయిలోంచి కొద్దిగా వెలుతురు దిగుతుంది, తేమ నిలుస్తుంది, ఎండ దెబ్బ తగలదు. అక్కడ సయనోబాక్టీరియా బతుకుతుంది. దాన్ని సేకరించిన ప్రతిసారీ ఒక ఖాళీ గొట్టం కూడా అక్కడే మూత తీసి, ఏమీ వేయకుండా మూయాలి. గ్లవుజు మీద దూది పుల్లతో రుద్ది ఒక స్వాబ్ తీయాలి. ఖాళీ గొట్టంలో ఏం పెరిగిందో అది మీ నుంచి వచ్చింది. ఇది లేకుండా ఇచ్చిన ఫలితాన్ని నేను నమ్మను. అంగారకుడి మీద జీవం కోసం వెతికే రోజు వచ్చినప్పుడు మొదట అడిగే ప్రశ్న కూడా ఇదే అవుతుంది.

భూమి మీది శాస్త్రవేత్తలను అప్పటికప్పుడు అడగలేమా?

అంగారకుడి దూరాన్ని బట్టి మాట ఒకవైపు చేరడానికి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. "ఈ రాయి పగలగొట్టమంటారా?" అని అడిగితే జవాబుకు ముప్పావుగంట దాకా పట్టొచ్చు. అప్పటికి మీరు ఇంకో గట్టు మీద ఉంటారు.

దీనికి ఒక చక్కటి పద్ధతిని నాసా బసాల్ట్ ప్రాజెక్టులో పరీక్షించారు. ఐడహో, హవాయిల్లోని లావా నేలల మీద, 5 నిమిషాలు, 15 నిమిషాలు ఆలస్యం పెట్టి చూశారు. ముందు బృందం చోటంతా చుట్టి ఫోటోలు, వర్ణనలు పంపుతుంది. అవి చేరి, అవతలివాళ్లు చర్చించి, ఏ రాళ్లు ముఖ్యమో వరుస పంపే లోపు బృందం వేరే పని చేసుకుంటుంది. జవాబు వచ్చాక వెనక్కి వచ్చి శాంపిల్ తీస్తుంది. అంటే ఆలస్యాన్ని పనిలో ఒక భాగంగా ముందే కలిపేసుకోవడం. మా కేంద్రంలో మాకు సాయంత్రం సంభాషణే దిక్కు. అందుకే పగలు వచ్చే సందేహాలకు "అయితే ఇలా, కాకపోతే అలా" అని రాత్రే రాసుకునేవాళ్లం.

ప్రమాదం అనిపిస్తే సిమ్ (సిమ్యులేషన్) ఆపొచ్చా?

ఆపాలి, వెంటనే. హెల్మెట్ తీసేయండి, నీళ్లు తాగండి, సాయం పిలవండి. నటన కోసం నిజమైన ఒంటిని పణంగా పెట్టకూడదు. 2018 ఫిబ్రవరిలో హవాయిలోని హై-సీస్ అనే ఇలాంటి మార్స్ సిమ్యులేషన్ కేంద్రంలో ఒకరికి కరెంట్ షాక్ కొట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఎనిమిది నెలలు సాగాల్సిన ఆ మిషన్ కొద్ది రోజులకే ముగిసింది.

ఉటాలో నాకు భయం వేసింది వాన తర్వాతి నేలను చూసి. పైన చెప్పిన బెంటోనైట్ నీళ్లు తాగి ఉబ్బుతుంది. మన నల్లరేగడిలో వాన వెలిశాక నడిచినవాళ్లకు చెప్పక్కర్లేదు: అడుగుకో శేరు మట్టి అంటుకుంటుంది, వాలు మీద కాలు నిలవదు, బండి చక్రం కూరుకుపోతుంది. ఆ రోజు ఈవీఏ రద్దు చేసి లోపల శాంపిళ్లు చూసుకున్నాం.

సిమ్ ఆపితే రిపోర్టులో ఆ సంగతి రాయండి. ఎన్ని నిమిషాలు, ఎందుకు, ఆ సమయంలో ఏ కొలతలు తీశారు. గ్లవుజు తీసి లేబుల్ రాసినా సరే రాయాలి. పద్ధతి గురించి చేసే పరిశోధనలో దాచిన ఐదు నిమిషాలు ఫలితాన్నే పాడు చేస్తాయి.

మన దేశంలో ఇలాంటివి ఉన్నాయా?

మొదలయ్యాయి. 2025 ఆగస్టులో లద్దాఖ్‌లోని త్సో కర్ లోయలో హోప్ అనే కేంద్రంలో ఇద్దరు పది రోజులు ఉన్నారు. బెంగళూరుకు చెందిన ప్రోటోప్లానెట్ సంస్థ ఇస్రోతో కలిసి దాన్ని ఏర్పాటు చేసింది. ఎత్తు సుమారు 4,500 మీటర్లు, కాబట్టి పలచని గాలి, చలి, బలమైన అతినీలలోహిత కిరణాలు నటించాల్సిన పని లేదు. ఈ విషయంలో అది ఉటా కన్నా మెరుగు. ఉప్పు సరస్సు అంచున సూక్ష్మజీవుల పని చేసేవారికి మంచి చోటు.

రాళ్ల పోలికకు మనకు కొరత లేదు. మహారాష్ట్రలోని లోనార్ బిలం బసాల్ట్ అనే లావా రాయిలో ఉల్క చేసిన గుంత, వ్యాసం సుమారు 1.8 కిలోమీటర్లు. చంద్రయాన్-2 పరీక్షలకు ఇస్రో వాడిన చంద్రుడి మట్టి నమూనా తమిళనాడులోని సిత్తంపూండి అనార్థసైట్ రాయి నుంచి తయారైంది. ఉటా కేంద్రం దగ్గర ఏటా జరిగే యూనివర్సిటీ రోవర్ చాలెంజ్‌కి మన దేశపు విద్యార్థి బృందాలు వెళ్తూనే ఉన్నాయి. రోవర్ కట్టే పిల్లలు ఒక జియాలజీ విద్యార్థిని జట్టులో చేర్చుకోవాలని నా కోరిక. అందులో సైన్స్ విభాగం కూడా ఉంటుంది.

వెళ్లే ముందు ఇంటి దగ్గర ఏం ప్రాక్టీస్ చేయాలి?

మీ ఊరి గుట్ట చాలు. తోటపని గ్లవుజులు రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకోండి, అద్దం ఉన్న బైక్ హెల్మెట్ పెట్టుకోండి. నీడ ఉన్న చల్లటి వేళే చూసుకోండి, తోడు ఒకరు ఉండాలి. మూడు చోట్లు, ఒక్కో చోట పదిహేను నిమిషాలు. వెళ్లే ముందు ఒక ప్రశ్న, దానికి "అవును", "కాదు" తేల్చే కొలత రాసుకోండి. ఇంటి దగ్గర ఒక స్నేహితురాలిని కూర్చోబెట్టి వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు పంపండి. వచ్చిన ప్రతి మెసేజ్‌ని ఆమె పది నిమిషాలు ఆగాకే వినాలి, జవాబు పంపితే మీరూ పది నిమిషాలు ఆగాకే వినాలి.

వారం తర్వాత మీ నోట్సు, ఫోటోలు ఆమె చేతికిచ్చి, రెండో చోట మీరు శాంపిల్ తీసిన రాయి దగ్గరికి ఒంటరిగా వెళ్లి రమ్మనండి. మీరు వెంట వెళ్లకండి, ఫోన్‌లో దారి చెప్పకండి. ఆమె వెళ్లింది ఏ రాయి దగ్గరికో చూసి, అక్కడి నుంచి మీ నోట్‌బుక్ గడులు మళ్లీ గీసుకోండి.